మొహం చూసి ఏరిన పొడి

(పదకొండో భాగం)

పోయిన వారం జల్లెడమ్మను సొరుగు ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. చేతిలో చీటీల కట్ట, ముక్కు మీదకి జారిన కళ్లజోడు. మొదటి చీటీ చదవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. అచ్చక్షరాలైతే బడిపిల్లల్లా వరసలో నిలబడతాయి. చేతిరాతలో అక్షరాలు బస్సెక్కే జనంలా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఆ తోపులాటలోంచి ఒక్కొక్క అక్షరాన్నీ చెయ్యి పట్టుకుని బయటికి లాగి, కూడబలుక్కుని చదివింది. "మీ తొలి డబ్బా గడ్డి తిన్నట్టుంది. వాపసు పంపుతున్నాం."

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లకు నాలుగు ముక్కల్లో చెప్తాను. ఇది టీ పొడుల షాపు. అందులో అన్నిటికన్నా పేరున్న సరుకు మాచా. టీ మొక్కలకు కొన్ని వారాలు నీడ పట్టి, లేతాకు కోసి, ఆవిరి చూపించి, ఆరబెట్టి, ఈనెలు తీసి, రాతి తిరగట్లో విసిరితే వచ్చే పచ్చటి పొడి అది. పాలల్లో, కేకుల్లో కలిపేది వంట రకం. వట్టి వేడినీళ్లలో వెదురు కవ్వంతో గిలక్కొట్టి, ఏమీ కలపకుండా తాగేది మేలు రకం. డబ్బాల మీద దాన్ని సెరిమోనియల్ అని రాస్తారు. షాపులో అందరూ 'మర్యాద రకం' అంటారు. ఆ మర్యాద రకంలోనూ అరల నిండా డబ్బాలున్నాయి. కొత్తగా తాగేవాళ్లు వాటి ముందు నిలబడి బిక్కమొహం వేస్తున్నారని, షాపు పెద్దాయన ఎప్పుడో ఒక పద్ధతి పెట్టాడు. వచ్చిన సరుకులో కొత్తవాళ్లకు సరిపడేది ఒక్కటి తనే ఏరి, చిన్న డబ్బాల్లో పోయించి, 'తొలి డబ్బా' అని పేరు పెట్టాడు. కొత్త సరుకు దిగినప్పుడల్లా రుచి చూసి మళ్లీ ఏరాల్సిందే.

ఏరేది పెద్దాయన, జల్లించేది జల్లెడమ్మ. ఆమె భర్త ఈ షాపు బండి నడిపేవాడు. ఆయన పోయాక పెద్దాయన కబురు పెట్టి పిలిచి, సన్నజల్లెడ చేతికిచ్చి, "చెల్లెమ్మా, ఇది నీ చోటు" అన్నాడు. రక్తసంబంధం ఏమీ లేదు. పిలుపే చుట్టరికమైంది. ఆయన ఆమెకు అన్నయ్యగారు. ఆయన కూతురు ఆమెకు మేనకోడలు. ఏడు నెలల కిందట, పెద్దవాళ్లకు చదువు చెప్పే మధ్యాహ్నం బడి ఒకటి పక్కవీధిలో తెరిచారని తెలిసి, పెద్దాయనే ఆమెను తోసినట్టు పంపాడు. "రెండు నుంచి నాలుగు దాకా జల్లెడ నేను పడతాను, నువ్వు పో" అన్నాడు. అన్నట్టే పట్టాడు. మొదటిరోజు బడి నుంచి తిరిగొచ్చేసరికి ఆయన కనుబొమ్మలు రెండూ పచ్చగా, చిగురేసిన కంచెలా ఉన్నాయి.

చీటీలు మొత్తం ఇరవై మూడు. అన్నీ ఈ ఏడు నెలల్లోవే. సొరుగులో కట్టకట్టి ఉన్నవాటిని ఆమె ఇన్నాళ్లూ పార్సిల్ రసీదులనుకుంది.

సంగతి అక్కడితో అయిపోలేదు. ఆ మధ్యాహ్నం బడి టీచరమ్మ ఒక చదువుల గది తెరుస్తోంది. ఈ ఏడాది అక్షరాలు నేర్చుకున్న అరవై మందికీ ఒక పుస్తకం, ఒక తొలి డబ్బా చేతిలో పెడతానంది. ఏది పోయించాలో ఇవాళ పన్నెండులోగా సరుకు పంపేవాళ్లకి చెప్పాలి. పొద్దున వెళ్తూ వెళ్తూ కూతురు తండ్రితో ముక్కుసూటిగా చెప్పేసింది. "ఈ అరవై కూడా వెనక్కొస్తే ఇంక రుచుల బల్ల తీసేద్దాం నాన్నా. సరుకువాళ్లు ఏది సీలు వేసి పంపితే అదే అమ్ముదాం. మీరు ఇంట్లో విశ్రాంతి తీసుకోండి." పెద్దాయనకు తను రుచి చూసి ఏరే ఆ బల్ల తీసేయడమంటే కాళ్లకింద నేల తీసేయడమే. అది జల్లెడమ్మకు తెలుసు. ఆమె జల్లెడ వేలాడేదీ ఆ బల్ల మేకుకే.

ఇక్కణ్ణుంచి ఈ వారం కథ.

జల్లెడమ్మ చీటీలు తీసుకుని రుచుల గదిలోకి వచ్చింది. చిన్న గది. కిటికీ కింద బల్ల, బల్లకి అటొక కుర్చీ ఇటొక కుర్చీ, గోడకి జలపాతం బొమ్మ క్యాలెండరు. పెద్దాయన మూడు నమూనా డబ్బాలు వరసగా పెట్టి, మూతల మీద పెన్సిలుతో ఒక చుక్క, రెండు చుక్కలు, మూడు చుక్కలు పెడుతున్నాడు.

"అన్నయ్యగారూ, ఒక మాట."

"ఒకటేంటి, పది చెప్పు. ముందు ఆ నీళ్లు దించు. తెర్లితే చల్లారేదాకా కూర్చోవాలి."

ఆమె నీళ్లు దించింది. దించి, చీటీల కట్ట ఆయన ముందు పెట్టింది. "ఇవేంటండీ?"

"రసీదులు" అన్నాడాయన, తలెత్తకుండానే.

"రసీదుల మీద గడ్డి తిన్నట్టుందని ఎవరు రాస్తారండీ?"

పెన్సిలు ఆగింది. పెద్దాయన మెల్లగా తలెత్తాడు. ఆ మొహంలో ముందు కంగారే వచ్చింది. కానీ అది నిలబడలేదు. దాని వెనకాలే ఇంకేదో వచ్చి దాన్ని పక్కకి నెట్టేసింది.

"చదివావా? చేతిరాత చదివావా?"

"చదివాను."

"ఇరవై మూడూ?"

"రెండు అస్సలు అర్థం కాలేదు. డాక్టరు రాసినట్టున్నాయి. మిగతావన్నీ చదివాను."

"అబ్బో" అన్నాడాయన. దొరికిపోయిన దొంగ, పట్టుకున్నవాడి తెలివికి మురిసిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన వాలకం. "మొన్నటిదాకా క్యాలెండర్లో వారం పేరు నన్నడిగేదానివి. టీచరమ్మకి చెప్పాలి."

"మాట మార్చకండి అన్నయ్యగారూ. ఎనిమిదేళ్ల నుంచి చూస్తున్నాను, మీ నాలుక తప్పడం నేనెరగను. ఈ ఏడు నెలల్నుంచే ఎందుకిలా? ఒంట్లో బాగోకపోతే నాతో అనకూడదా?"

పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలాడు. కాసేపు కిటికీలోంచి వీధి చూశాడు. ఎదుటి మెట్ల మీద ఒకావిడ దుప్పటి దులుపుతోంది. ఆవిడ నాలుగు మూలలూ కలిపి మడతపెట్టి లోపలికి పోయేదాకా చూసి, అప్పుడు నోరు విప్పాడు.

"రెండేళ్ల కిందట నాకు జ్వరమొచ్చింది గుర్తుందా? పన్నెండు రోజులు లేవలేదు."

"ఎందుకు గుర్తులేదు. గంజి కాచి తెచ్చేదాన్ని. గిన్నెలు గిన్నెలు తాగేవారు."

"ఉప్పు వేశావో లేదో ఏనాడైనా చెప్పానా?"

జల్లెడమ్మ ఆలోచించింది. ఒకరోజు ఉప్పు మర్చిపోయిన మాట నిజం. ఇంటికెళ్లాక గుర్తొచ్చి నాలుక కరుచుకుంది. ఆయన ఒక్క మాటా అనలేదు. ఎంత మంచివాడో అనుకుంది.

"జ్వరం పోతూ పోతూ నాలుకనీ ముక్కునీ వెంటబెట్టుకుపోయింది చెల్లెమ్మా" అన్నాడాయన. "వేడి తెలుస్తుంది. చల్లన తెలుస్తుంది. నున్నగా ఉందో గరుగ్గా ఉందో తెలుస్తుంది. అంతే. ఈ గిన్నెలో మాచా పోసినా, గోడకేసే సున్నం పోసినా నాకొకటే."

ఆమె చెయ్యి తనంతట తానే బల్ల అంచు పట్టుకుంది. "రెండేళ్లా?"

"రెండేళ్లు."

"మరి రెండేళ్లుగా తొలి డబ్బా ఎలా ఏరారు?"

పెద్దాయన ఆమెను చూశాడు. చూసి, తప్పు ఒప్పుకునే చిన్నపిల్లాడిలా గొంతు తగ్గించాడు.

"నీ మొహం చూసి."

ఆమెకు అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాడు. ప్రతిసారీ 'చెల్లెమ్మా, ముందు నువ్వు' అని గిన్నె అందించడం మర్యాద కోసం కాదు. ఆమె తాగుతుంటే ఆయన చూస్తుండేవాడు. "చేదైతే నీ ఎడమ కనుబొమ్మ పైకి పోతుంది. నాచు వాసనేస్తే పైపెదవి వెళ్లి ముక్కుకి తగులుతుంది. పాత సరుకైతే ఆవలింత వచ్చినట్టు మొహం పెడతావు. బాగుంటే ఏమీ పెట్టవు. తాగేసి, నేను అటు తిరిగాననుకుని, అడుగున మిగిలిన నురగ వేలితో తీసి నాకుతావు."

"అయ్యో. అదీ చూశారా?"

"అదే కదా నాకు గుర్తు. నువ్వు వేలు పెట్టావంటే ఆ డబ్బా ఖాయం." పెద్దాయన నవ్వబోయి మానేశాడు. "ఎన్ని వందల ఇళ్లకి నీ కనుబొమ్మ నమ్ముకుని డబ్బాలు పంపానో. ఏడు నెలల కిందటి దాకా ఒక్కటీ వెనక్కి రాలేదు. నీకు దణ్ణం పెట్టాలని ఎన్నిసార్లు అనుకున్నానో చెల్లెమ్మా. పెడితే ఎందుకో చెప్పాల్సొస్తుంది. చెప్తే అమ్మాయికి తెలుస్తుంది. అందుకని లోలోపలే పెట్టుకున్నాను."

జల్లెడమ్మ వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చుంది. ఎనిమిదేళ్లలో ఆయన చెప్పకుండా కూర్చోవడం అదే మొదలు. తన మొహం ఎవరికైనా ఒక పనికి వస్తుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. అద్దం ముందు కూడా జడ వేసుకునేంతసేపే నిలబడే మనిషి. ఆ మొహాన్ని పట్టుకుని ఇంత పెద్దమనిషి రెండేళ్లు దారి వెతుక్కున్నాడంటే ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరిగిన నీళ్లు కిందికి జారేలోపే ఇంకో సంగతి తట్టింది. నీళ్లు అక్కడికక్కడే ఆగిపోయాయి.

ఏడు నెలలు.

"అన్నయ్యగారూ" అంది. "తప్పు నాది."

"నీ తప్పేముంది మధ్యలో?"

"నేను నవ్వాను."

"నవ్వితే? బాగుందనే కదా నవ్వావు."

"బాగుండి కాదండీ. మీరిచ్చారని నవ్వాను."

ఆ మాట బయటికొచ్చాక మిగతాది ఆగలేదు. బడిలో మొదటిరోజు తన పేరు తను రాసుకుని, ఆ కాగితం చెంగున ముడేసుకుని షాపుకొచ్చిన సాయంత్రం, పచ్చటి కనుబొమ్మలతో ఆయన ఒక గిన్నె అందించాడు. ఆ గిన్నెలో ఏముందో ఆమె నాలుక పట్టించుకోలేదు. అమృతంలా ఉందనుకుని నవ్వింది. ఆ తర్వాత ఆయన ఏది అందించినా ఆ సాయంత్రమే గుర్తొచ్చేది. అన్నీ తెలిసిన మనిషి ఇస్తున్నాడు, తనకి చేదనిపిస్తే అది తనకి తెలియకే అనుకుంది. చదువు చెప్పించిన చేతికి వంక పెడతామా అని కూడా అనుకుంది. కిందటిసారి సరుకైతే చీపురుపుల్లలు నమిలినట్టుంది. మింగలేక కక్కలేక మింగింది. మింగి నవ్వింది. ఆయనిచ్చింది పారేయకూడదని వేలు పెట్టి నురగ కూడా నాకింది.

"వేలు కూడా పెట్టావు" అన్నాడు పెద్దాయన. "నేను కళ్లారా చూశాను. అందుకే ఆ సరుకు రెండింతలు తెప్పించాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అని ఆమె లేవబోయింది. కాదు, నవ్వుతున్నాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, నుదురు చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. కాసేపటికి ఆమెకూ నవ్వొచ్చింది. ఏడు నెలలుగా ఆయన ఆమె మొహంలో పొడిని వెతుక్కుంటే, ఆమె మొహం ఆయనకి దణ్ణం పెడుతూ కూర్చుంది. ఇరవై మూడు ఇళ్లవాళ్లు మధ్యలో గడ్డి తిన్నారు.

"సరే" అన్నాడాయన కళ్లు తుడుచుకుని. "గంటన్నర ఉంది. అరవై మంది నీ తోటి బడివాళ్లు. ఇవాళ నీ మొహం నాకొద్దు. నోరు కావాలి."

అని కుర్చీ ఎత్తి, గోడవైపు తిప్పి, జలపాతం బొమ్మకి ఎదురుగా కూర్చున్నాడు. ఆమెకు ఆయన వీపు, బట్టతల మాత్రమే కనిపిస్తున్నాయి.

జల్లెడమ్మ ఒక చుక్క డబ్బా తెరిచింది. పొడి జల్లించింది. గిన్నెలో రెండు చిటికెల పొడి వేసి, నీళ్లు పోసి, కవ్వం మణికట్టుతో ఆడించింది. నురగ వచ్చింది. తాగింది.

"ఊఁ?" అన్నాడు పెద్దాయన గోడతో.

"బాగుందండీ" అంది ఆమె.

"చెల్లెమ్మా."

"అంటే... పరవాలేదండీ."

"నాకు చెప్పకు. గోడకి చెప్పు. గోడ నీకేం ఇవ్వలేదు."

ఆమె గోడ వంక చూసింది. సున్నం పెచ్చు లేచిన చోట కళ్లు నిలిపింది. గొంతు సవరించుకుంది. "మొదలు బాగానే ఉంది. పోయేటప్పుడు ఒక మాట అనేసి పోతోంది. మా అత్తగారు వచ్చి వెళ్లినట్టుంది."

బట్టతల ఊగింది. "ఎంతసేపుంటుంది ఆ మాట?"

"ఇంకా ఉందండీ. నాలుక వెనకాల కూర్చుంది, లేవడం లేదు."

"తీసెయ్. రెండోది."

రెండు చుక్కల డబ్బా మూత తీయగానే గదిలోకి ఎవరో వచ్చినట్టయింది. ముదురు పచ్చ. వేళ్ల మధ్య రాస్తే పొడి కాదు, పట్టు. గిలక్కొడితే నురగ మీగడలా పట్టింది. తాగుతూ ఆమె కళ్లు మూసుకుంది. పచ్చి బఠానీలు ఉడికిన నీళ్ల కమ్మదనం, దాని కింద ఎక్కడో సముద్రం వాసన, అన్నిటికన్నా అడుగున పాల తీపి. గిన్నె ఎప్పుడు ఖాళీ అయిందో తెలియలేదు.

"ఇదే అన్నయ్యగారూ. ఇంక మూడోది చూడక్కర్లేదు. ఇంత మంచిది ఈ బల్ల మీదకి ఎప్పుడూ రాలేదు."

"ఎలా ఉంది?"

చెప్పింది. బఠానీల సంగతి, సముద్రం సంగతి, పాల సంగతి. చెప్తుంటే పెద్దాయన వీపు కొంచెం వంగింది. విని విని, నాలుక లేని మనిషి ఆ రుచిని చెవులతో తాగుతున్నట్టున్నాడు. ఆమె అది గమనించి ఇంకొంచెం మెల్లగా, ఇంకొంచెం వివరంగా చెప్పింది.

"బాగా చెప్పావు" అన్నాడాయన. "రెండేళ్లయింది నేను ఇలాంటిది తాగి. ఇప్పుడొకటి అడుగుతాను. రెండేళ్ల కిందట ఇదే నీకిచ్చి ఉంటే నీ మొహం ఏమనేది?"

ఆమె ఖాళీ గిన్నె వంక చూసింది. సముద్రం. రెండేళ్ల కిందట ఇలాంటి వాసనే వచ్చిన ఒక గిన్నెని ఆమె సముద్రం అనలేదు. నాచు అంది. పైపెదవి వెళ్లి ముక్కుకి తగిలింది. ఆ గిన్నె అడుగంటా తాగలేక, ఆయన చూడకుండా మొక్క కుండీలో పోసింది కూడా. ఇన్ని వందల గిన్నెలు తాగాక ఆమె నాలుక ఎక్కడికో నడిచి వచ్చేసింది. బయల్దేరిన చోటు వెనకెక్కడో ఉండిపోయింది.

అప్పుడు టీచరమ్మ గుర్తొచ్చింది. అక్షరాలన్నీ వచ్చాక మొదటి పుస్తకం ఇచ్చేరోజు, టీచరమ్మ బల్ల మీద రెండు పుస్తకాలున్నాయి. ఒకటి లావుగా, అంచులు నలిగి, మధ్యలో ఎండిన పువ్వు పెట్టి ఉంది. రెండోది పల్చగా, ఎవరో గొడుగు పారేసుకుని వెతుక్కునే కథ. టీచరమ్మ పల్చనిదే ఇచ్చింది. "ఆ పెద్దది బాగోదా అండీ?" అని అడిగితే నవ్వి, "అది నా ప్రాణం. అందుకే ఇవ్వడం లేదు. అదిస్తే నువ్వు నన్ను మెచ్చుకుంటావు, పుస్తకం మాత్రం చదవవు" అంది. జల్లెడమ్మ తొమ్మిది రోజులు కష్టపడి ఆ గొడుగు తలుపు వెనకాల దొరికేదాకా చదివింది. పదోరోజు వెళ్లి ఇంకో పుస్తకం అడిగింది.

"అన్నయ్యగారూ" అంది. "నేనొక పని చేస్తాను. మీరు తిట్టకూడదు."

"గోడవైపు తిరిగి ఉన్నవాణ్ణి, ఎలా తిడతాను?"

ఆమె సన్నజల్లెడ తీసుకెళ్లి మేకుకి తగిలించింది.

ఆ చప్పుడుకి పెద్దాయన వెనక్కి తిరగబోయి ఆగాడు. "జల్లించవా?"

"కొత్తవాళ్లింట్లో జల్లెడ ఉంటుందా అండీ? ఎనిమిదేళ్లుగా నేను జల్లించి, మీరు నీళ్లు చూసుకుని, ఇంత ముద్దుచేసి తాగితే ఏ పొడైనా మంచిగానే ఉంటుంది. మా బడిలో నా పక్కన కూర్చునే బట్టలుతికే అక్క ఉంది. ఆవిడ పొయ్యి మీద నీళ్లు తెర్లబెడుతుంది, చెంచాతో పొడి వేస్తుంది, ఫోర్కుతో కలుపుతుంది. మధ్యలో పిల్లలు పిలిస్తే పోయొస్తుంది. ఆ గిన్నె ఎలా ఉంటుందో చూడాలి."

నీళ్లు మళ్లీ పొయ్యి మీద పెట్టింది. ఈసారి బాగా తెర్లనిచ్చింది. రెండు చుక్కల పొడి, మూడు చుక్కల పొడి చెరో గిన్నెలో చెంచాతో పడేసింది. నీళ్లు పోసి ఫోర్కుతో తిప్పింది. పొడి ఉండలు కట్టి తేలుతుంటే ఆమె ప్రాణం విలవిల్లాడింది. సొంత బిడ్డకి తల దువ్వకుండా బడికి పంపినట్టనిపించింది. అయినా చేతులు కట్టుకుని కూర్చుంది. బట్టలుతికే అక్క పిల్లల దగ్గరికి పోయొచ్చేంతసేపు ఆగింది.

తర్వాత తాగింది.

రెండు చుక్కలది ఒక్క గుక్క తాగి కింద పెట్టేసింది. "అలిగింది. సరిగ్గా చూసుకోలేదని అలిగి చేదెక్కి కూర్చుంది. పెద్దింటి పిల్ల."

"మూడోది?"

మూడు చుక్కలది లేత పచ్చ. ఉండలు రెండు మూడు పంటికి తగిలాయి. బఠానీలూ లేవు, సముద్రమూ లేదు. గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. కొంచెం తీపి, కొంచెం పచ్చి వాసన. మింగాక నోరు శుభ్రంగా ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఇంకో గుక్క తాగింది. ఇంకా ఆలోచిస్తూ ఇంకోటి. అప్పుడు చూసుకుంటే గిన్నె ఖాళీ.

"అన్నయ్యగారూ, ఇది గొడుగు కథ" అంది.

"అంటే?"

"అంటే ఇదే. ఎలా కలిపినా పోనీలే అని ఊరుకుంటోంది. మొదటిసారి తాగేవాళ్లు ఇది తాగేస్తారు. తాగినవాళ్లు మళ్లీ వస్తారు. వచ్చాక ఆ రెండోది ఇద్దాం."

పెద్దాయన కుర్చీ ఇటు తిప్పుకున్నాడు. తర్వాత సొరుగులోంచి అట్టముక్క తీశాడు. ప్రతి తొలి డబ్బా ఏరినప్పుడూ అరకి తగిలించే అట్ట అది. 'రకం' అని ఒక గీత, 'ఏరినది' అని ఒక గీత. పెన్నుతో సహా ఆమె ముందుకి జరిపాడు.

ఆమె మూడు చుక్కల సంగతి రాసింది. రాసి అట్ట ఆయనకివ్వబోయింది.

"రెండో గీత?"

"అది మీరు రాసేది కదండీ."

"నాలుక ఎవరిదో వాళ్లు రాయాలి. రెండేళ్లుగా అక్కడ అబద్ధం రాస్తున్నాను. ఇవాళొక్కరోజైనా నన్ను నిజం చెప్పనివ్వు తల్లీ."

ఆమె పెన్ను పట్టుకుంది. షాపులో పిలిచే పేరు కాదు, అమ్మానాన్నలు పెట్టిన పేరు రాసింది. బడి పలక మీద కాకుండా, బ్యాంకు కాగితం మీద కాకుండా, నలుగురూ చూసే చోట ఆ పేరు ఉండడం అదే మొదటిసారి. చివరి అక్షరం గీత దాటి కొంచెం బయటికి వచ్చింది. పెద్దాయన ఆ అట్టని రెండు చేతుల్తో పట్టుకుని, దూరంగా పెట్టి చదివి, నుదుటికి ఆనించుకున్నాడు.

"అదేంటండీ" అంది ఆమె, కంగారుగా.

"రెండేళ్ల బాకీ దణ్ణం" అన్నాడు.

వీధి తలుపు గంట మోగింది. కూతురి చెప్పుల చప్పుడు. అది ఈ గదిలోకి రాలేదు, వెనక గదిలోకి పోయింది. అక్కడ నీళ్లు పోసిన చప్పుడు, కవ్వం ఆడిన చప్పుడు. కాసేపటికి కూతురు గుమ్మంలోకి వచ్చింది. చేతిలో గిన్నె ఉంది.

"ఏరారా నాన్నా?"

"ఏరాం. మూడోది."

"మంచిది. సరుకు పంపేవాళ్లు ఆఖర్న ఇంకొకటి ఇచ్చారు. అన్నిటికన్నా మేలైందట. ఇదీ ఒక గుక్క చూసేస్తే అయిపోతుంది."

పెద్దాయన అలవాటు కొద్దీ చెయ్యి జల్లెడమ్మ వైపు చూపించాడు. "చెల్లెమ్మా, ముందు నువ్వు."

"కాదు నాన్నా" అంది కూతురు. "ఇవాళ ముందు మీరు."

గిన్నె బల్ల మీద పెట్టింది. జల్లెడమ్మ గిన్నెలోకి చూసింది. ఒక్క చూపు చాలు. నురగ బుడగలు పెద్దపెద్దవి, టప్పుమని పగిలిపోతున్నాయి. అంచు చుట్టూ పసుపు పచ్చటి నీరు విడిపోయింది. అడుగున గసి దిగింది. ఇది మాచా కాదు. ఇది అసలు టీ ఆకే కాదు. ఏదో ఆకుకూర ఎండబెట్టి దంచిన పొడి.

పెద్దాయన గిన్నె ఎత్తాడు. రెండు చేతుల్తో పట్టుకుని, ఎప్పటిలాగే నెమ్మదిగా, మూడు గుక్కల్లో తాగాడు. తాగి గిన్నె దించాడు. ఆయన కళ్లు, రెండేళ్ల అలవాటు కదా, తిన్నగా వచ్చి జల్లెడమ్మ మొహం మీద వాలాయి.

ఆమె కనుబొమ్మ ఒక్కటి ఎత్తితే చాలు. ఆయన 'ఇది సరుకు కాదు' అంటాడు, బల్ల నిలుస్తుంది, జల్లెడ మేకు నిలుస్తుంది. ఎత్తకపోతే ఆయన 'బాగుంది' అంటాడు, అంతటితో అయిపోతుంది. కానీ ఎత్తితే ఆయన నాలుక పనిచేస్తోందని అబద్ధం ఆడినట్టే, ఈ బల్ల దగ్గర నిజం చెప్పడం మొదలుపెట్టి ఇంకా గంట కూడా కాలేదు. అట్ట మీద ఆమె పేరు సిరా ఇంకా తడిగానే ఉంది. నోరు తెరిచి చెప్పేద్దామంటే, చెప్పాల్సిన నిజం ఆమెది కాదు, ఆయనది.

దిక్కుతోచక మేనకోడలి వైపు చూసింది.

కూతురు తండ్రి వైపు చూడటం లేదు. వచ్చిన దగ్గర్నుంచీ చూడలేదు. గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని, జల్లెడమ్మ మొహమే చూస్తోంది.

"అత్తా" అంది మెల్లగా. "నీ ఎడమ కనుబొమ్మ ఎందుకలా వణుకుతోంది?"